అడిగిన పాదం, కొలిచిన పాదం: పురాణాల్లో దేవుడి చేతలకు ధర్మం వర్తిస్తుందా?

హనుమకొండలో మేముండే వీధి చివర ఒక చిన్న ఆలయం ఉంది. రెండేళ్ల కిందట అక్కడి మండపంలో వారం రోజులపాటు భాగవత ప్రవచనం జరిగింది. పోతన గారి బమ్మెర మాకు ఎంతో దూరం కాదు కాబట్టి, పద్యం ఎత్తుకుంటే చాలు, ఈ ప్రాంతపు శ్రోతలు చివరి పాదం తామే అందుకుంటారు. వామన చరిత్ర చెప్పిన సాయంత్రమూ అదే జరిగింది. మూడడుగుల నేల అడిగిన పొట్టి వడుగు ఇంతింతై బ్రహ్మాండమంతా నిండిపోయేసరికి మండపం చప్పట్లతో మారుమోగింది. ఆ సందడి అణిగాక, స్తంభానికి ఆనుకొని కూర్చున్న ఒక పెద్దామె చేయెత్తింది. పరకాల దగ్గరి పల్లె నుంచి కూతురింటికి వచ్చిన రైతు ఆమె. "అయ్యగారూ, భూమి అడిగేటప్పుడు కాలు జానెడుండె. కొలిచేటప్పుడు లోకమంత అయ్యె. ఏ గొలుసుతోని మాట అనుకున్నమో గదే గొలుసుతోని కొల్వాలె గద? మా ఊర్ల ఎవలన్న గిట్ల కొలిస్తే పంచాయితి పెడ్తం" అంది.

ప్రవచనం చేస్తున్న పండితుడు కోప్పడలేదు. తాను ఎవరిని కరుణించదలచుకుంటే వారి సిరినంతా ముందు హరిస్తానని విష్ణువే బ్రహ్మతో చెప్పే పద్యం, "ఎవ్వనిఁ గరుణింప నిచ్ఛయించితి వాని యఖిలవిత్తంబు నే నపహరింతు", రాగయుక్తంగా చదివి అర్థం చెప్పారు. బలి పోగొట్టుకున్నది మూడు లోకాలే, పొందింది సుతలమూ, వాకిట కావలి కాసే సాక్షాత్తు విష్ణువూ, రాబోయే మన్వంతరంలో ఇంద్రపదవీ అని వివరించారు. ఆమె శ్రద్ధగా విని "మంచిదే అయ్యగారూ" అంది. ఆ మాటలో గౌరవం ఉంది, ఒప్పుకోలు మాత్రం లేదు. పంతులుగారు చెప్పింది బలికి చివరికి మేలు జరిగిందని. ఆమె అడిగింది కొలత న్యాయంగా జరిగిందా అని. జవాబు ప్రశ్న పక్క నుంచి వెళ్లిపోయింది.

పవిత్ర గ్రంథాల్లో దేవుడు చేసిన పనులు మంచివేనా అన్న వాదన సాధారణంగా ఇక్కడే దారి తప్పుతుంది. ఒకరు వాలి వధ, శంబూకుడి తల, బైబిలు చెప్పే కనాను దేశంలోని సంహారాలు ఏకరువు పెడతారు. మరొకరు అదంతా దైవలీల, మన బుద్ధికి అందదంటారు. ఇద్దరూ "మంచి" అన్న మాటే వాడుతున్నా, ఒకరి చేతిలో ఉన్న గొలుసు మరొకరి చేతిలో లేదు. అందుకని ముందు తేల్చుకోవలసింది దేవుడు గెలిచాడా ఓడాడా అన్నది కాదు, ఏ గొలుసుతో కొలుస్తున్నామన్నది.

ఈ చిక్కును అందరికంటే సూటిగా పట్టుకున్నది గ్రీకు తత్త్వవేత్త ప్లేటో. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో ఆయన రాసిన ఒక సంభాషణలో యూతిఫ్రో అనే వ్యక్తి తన కన్నతండ్రి మీదే హత్యానేరం మోపడానికి న్యాయస్థానానికి వస్తాడు. ఒక కూలివాణ్ణి కాళ్లూ చేతులూ కట్టించి గుంటలో పడేసి వదిలేయడంతో వాడు చనిపోయాడన్నది తండ్రి మీది అభియోగం. కొడుకై ఉండి తండ్రి మీద నేరం మోపుతావా అని లోకులు మందలిస్తే, దేవతల రాజు జ్యూస్ తన తండ్రిని సంకెళ్లతో బంధించలేదా, ఆయనను పూజించే మీరు నన్నెలా తప్పుపడతారని అతడు ఎదురడుగుతాడు. దేవుడి చేత మనిషికి పూర్వోదాహరణ అవుతుందా అన్న వివాదం అంత పాతది. అక్కడే సోక్రటీసు అసలు ప్రశ్న వేస్తాడు: ఒక పని పుణ్యమైనది కాబట్టి దేవతలకు నచ్చుతుందా, దేవతలకు నచ్చింది కాబట్టి పుణ్యమవుతుందా?

మొదటిది ఒప్పుకుంటే మంచి అనేది దేవుడి ఇష్టాయిష్టాలకు బయట, తనంతట తానుగా నిలిచిన కొలత అవుతుంది; దానితో దేవుణ్ణి కూడా కొలవవచ్చు. రెండోది ఒప్పుకుంటే దేవుడు ఏం చేసినా మంచే. కానీ అప్పుడు "దేవుడు మంచివాడు" అన్న వాక్యంలో విషయమేమీ మిగలదు. కొలిచేటప్పుడు ఎంత సాగితే అంతే గజం అనుకుంటే, ఏ నేలైనా మూడు గజాలే అవుతుంది. దేవుడి మంచితనాన్ని కాపాడబోయి, స్తోత్రాల్లో ఆయనను పొగిడే మాటలన్నిటికీ అర్థం లేకుండా చేసే ఈ రెండో దారి భక్తికి మేలు చేస్తుందని నేను అనుకోను.

ఇస్లాం తొలి శతాబ్దాల్లోనూ ఇదే తర్కం నడిచింది. దేవుడు న్యాయవంతుడనీ, మంచిచెడులను మనిషి బుద్ధి గుర్తించగలదనీ ముతజిలా పండితులు వాదించారు. దేవుడి ఆజ్ఞే మంచికి ఆధారమని అష్అరీ సంప్రదాయం నిలబడింది. పదో శతాబ్దం మొదట్లో జీవించిన అబుల్ హసన్ అల్ అష్అరీ తన ముతజిలా గురువును అడిగినట్టు ఒక కథ చెబుతారు. ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు విశ్వాసిగా బతికి స్వర్గంలో ఉన్నత స్థానం పొందాడు, రెండోవాడు అవిశ్వాసిగా పోయి నరకంలో పడ్డాడు, మూడోవాడు పసితనంలోనే చనిపోయాడు. నన్నూ బతకనిచ్చి ఉంటే అన్నంత పుణ్యం చేసేవాణ్ణి కదా అని పసివాడు దేవుణ్ణి అడిగితే, పెద్దయితే నువ్వు పాపాత్ముడివవుతావని ఎరిగే నీ మేలు కోసం ముందే తీసుకెళ్లానని జవాబు వస్తుందట. అప్పుడు నరకంలోంచి రెండోవాడు కేక వేస్తాడు: మరి నన్నెందుకు పసితనంలోనే తీసుకెళ్లలేదు? గురువు దగ్గర దానికి మాట లేకపోయిందని కథ. మన కొలత దేవుడికి అతకదని తేల్చడానికి అష్అరీలు ఈ కథ చెప్పేవారు. నాకు మాత్రం ఆ తీర్మానం కంటే ఆ కేకే ఎక్కువసేపు వినిపిస్తుంది.

మన దర్శనాల్లో బాదరాయణుడు వేరే దారి పట్టాడు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో, లోకంలో ఒకరు సుఖంగానూ ఒకరు దుఃఖంలోనూ పుట్టడం చూస్తే ఈశ్వరుడికి పక్షపాతమూ, దయలేనితనమూ అంటవా అన్న ఆక్షేపణ తీసుకొని, అంటవు, ఎందుకంటే ఆయన జీవుల కర్మను అనుసరించే సృష్టిస్తాడని 34వ సూత్రం జవాబు చెబుతుంది. శంకరులు దానికి వాన పోలిక ఇచ్చారు: వాన అందరికీ ఒకటే, వరి వరిగా యవ యవగా మొలవడం విత్తనాన్ని బట్టి ఉంటుంది. అయితే మొట్టమొదటి సృష్టిలో ఎవరి కర్మ ఉందని అడిగితే, సంసారానికి మొదలే లేదని తరువాతి సూత్రం. ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. పక్షపాతం, క్రూరత్వం అన్నవి ఈశ్వరుడి విషయంలోనూ దోషాలేనని సూత్రకారుడు ముందే ఒప్పుకున్నాడు. ఈశ్వరుడికి అవి దోషాలు కావని తప్పించుకోలేదు, అవి ఆయనలో లేవని నిరూపించడానికి పూనుకున్నాడు. అంటే పరకాల పెద్దామె గొలుసూ బాదరాయణుడి గొలుసూ ఒకటే.

ఆ జవాబుకు చెల్లించవలసిన వెల మాత్రం పెద్దది. దేవుడి మీది నింద తీసి బాధపడేవాడి నెత్తిన పెడుతుంది. గడీల కాలంలో వెట్టి చేసిన కుటుంబాలకు "నీ కర్మ" అన్న మాట ఓదార్పుగా కాక తీర్పుగా వినిపించిన నేల మనది. సిద్ధాంతం చెప్పిన చోటు ఒకటి, అది పనిచేసిన చోటు మరొకటి కావచ్చు. కానీ సిద్ధాంతాన్ని తూచేటప్పుడు రెండూ తక్కెడలో పెట్టాలి.

ఇంతవరకు చెప్పింది తత్త్వవేత్తల సంగతి. గ్రంథాలను తెరిచి చదివితే, ఈ ప్రశ్న బయటి నాస్తికుడు తెచ్చి వేసింది కాదని, లోపలి పాత్రలే వేస్తున్నాయని తెలుస్తుంది. భాగవతం సప్తమ స్కంధం మొదలయ్యేదే పరీక్షిత్తు సందేహంతో: అన్ని ప్రాణులకూ సముడూ స్నేహితుడూ అయిన భగవంతుడు పక్షపాతం ఉన్నవాడిలా ఇంద్రుడి కోసం దైత్యులను ఎందుకు చంపాడు? దశమ స్కంధంలో రాసలీల వినగానే, ధర్మాన్ని నిలపడానికి అవతరించినవాడు పరస్త్రీలను తాకడమేమిటని ఆయనే మళ్లీ అడుగుతాడు. శుకుడి జవాబులో రెండు భాగాలున్నాయి. తేజోవంతులకు దోషం అంటదు, అన్నిటినీ తినే అగ్నికి మైల లేనట్టు. ఈ సగం అందరికీ నోటికి వచ్చు. రెండో సగం తక్కువగా వినిపిస్తుంది: సమర్థుడు కానివాడు అలాంటి పని మనసులో కూడా తలపెట్టకూడదు, రుద్రుడు కాకుండా విషం తాగినవాడు చస్తాడు. భగవంతుడి చేత వేరు, మనిషికి విధి వేరు అని శుకుడు గీసిన ఈ గీత యూతిఫ్రో వంటివారి నోరు మూయించడానికి సరిపోతుంది. అది న్యాయమా కాదా అని పరీక్షిత్తు అడిగినదాన్ని మాత్రం శుకుడు అగ్నిని చూపించి దాటేశాడనే నాకు తోస్తుంది.

వాలి సంగతి కొంచెం నిదానంగా చూడాలి. వాల్మీకి రామాయణంలో కిష్కింధకాండ 17, 18 సర్గలు అక్షరాలా ఒక న్యాయవిచారణ. గుండెలో బాణం దిగిన వాలి నేల మీద పడి ఉండి రాముణ్ణి ప్రశ్నిస్తాడు. నీకూ నాకూ వైరం లేదు. నీ రాజ్యానికి నేను చేసిన అపకారం లేదు. వేరొకడితో పోరాడుతున్న నన్ను కనిపించకుండా కొట్టావు. తినడానికా అంటే, ఐదు గోళ్ల జంతువుల్లో తినదగినవి ఐదే, అందులో కోతి లేదు; నా తోలు కప్పుకోవడానికీ పనికిరాదు. ఎదుట నిలిచి ఉంటే నేడు నువ్వే యముణ్ణి చూసేవాడివి. సీత కోసమే అయితే నన్నడిగితే ఒక్కరోజులో తెచ్చి ఇచ్చేవాణ్ణి.

రాముడి సమాధానాలు ఒకటి కాదు. ఈ భూమంతా ఇక్ష్వాకులది, భరతుడి తరఫున మేము ధర్మం నిలుపుతున్నాం. తమ్ముడు బతికి ఉండగానే అతడి భార్య రుమను నువ్వు చేరావు, దానికి శిక్ష మరణం. సుగ్రీవుడికి మాట ఇచ్చాను. చివరగా, నువ్వు శాఖామృగానివి. వేటలో రాజులు వలలు పన్నీ, చాటున దాగీ జంతువులను కొడతారు, అందులో దోషం లేదు. ఈ చివరి సమాధానాన్ని మొదటి వాటి పక్కన పెడితే పొసగదు. వాలి జంతువైతే తమ్ముడి భార్య విషయంలో మానవధర్మం అతడికి వర్తించదు. వర్తించేటంతటి వివేకవంతుడైతే వేటజంతువులా చాటు నుంచి కొట్టడం కుదరదు. ఇచ్చిన మాట, రుమకు జరిగిన అన్యాయం అన్న రెండు సమాధానాలకు బలముంది. మృగం అన్నదానికి లేదు. వాలి చివరికి రాముడి మాట ఒప్పుకొని, అంగదుణ్ణి అప్పగించి కన్నుమూస్తాడు. అయినా వాల్మీకి వాలి అభియోగాలను ఒక సర్గ నిండా నిలిపి మనకు అందించాడు.

ఈ కథ ఎంత ఇబ్బంది పెట్టిందో తెలియాలంటే వాలికి ఉందని చెప్పే వరం చూడాలి. ఎదురుగా నిలిచినవాడి బలంలో సగం వాలికి వచ్చేస్తుందని, అందుకే రాముడు చెట్టు చాటుకు వెళ్లాడని మనందరం చిన్నప్పుడు విన్నాం. వాల్మీకంలో ఆ కథ లేదు. రాముణ్ణి కాపాడుకోవాలన్న ప్రేమతో తరువాతివారు అల్లిన కథ అది. కొలతలో తేడా వచ్చిందని మనసుకు తట్టకపోతే ఎవరూ వరాలు అల్లరు.

శంబూకుడి దగ్గర అలాంటి వరం కూడా దొరకలేదు. ఉత్తరకాండలో, తపస్సు చేస్తున్న శూద్రుడి తలను రాముడు ఖండించగానే బ్రాహ్మణ బాలుడు తిరిగి బతుకుతాడు, దేవతలు పూలవాన కురిపిస్తారు. ఉత్తరకాండ తరువాతి కాలపు చేర్పని చాలామంది పండితుల అభిప్రాయం. అది నిజమే కావచ్చు, కానీ దానితో తప్పు వాల్మీకి నుంచి మరొక కవికి బదిలీ అవుతుందే గాని, తరతరాలుగా ఆ కాండను పూజలో పెట్టి చదివినవారికి సమాధానం దొరకదు. త్రిపురనేని రామస్వామి చౌదరి వందేళ్ల కిందట ఈ ఘట్టం మీద నాటకం రాసి తెలుగునాట పెద్ద వాదనకు తెరతీశారు. ఆయనది ఎదిరించిన గొంతు. ఆయనకంటే వెయ్యేళ్లకు పైగా ముందు, రాముణ్ణి ఎంతో ప్రేమించిన భవభూతి కూడా ఇక్కడ తడబడ్డాడు. ఎనిమిదో శతాబ్దంలో ఆయన రాసిన సంస్కృత నాటకం ఉత్తరరామచరితంలో కత్తి ఎత్తిన రాముడు తన కుడిచేతితోనే మాట్లాడతాడు: నిండు గర్భిణి సీతను వెళ్లగొట్టడంలో ఆరితేరిన రాముడి చేయివి నువ్వు, నీకు దయ ఎక్కడిది? కొట్టాక, రాముడికి తగిన పనే చేశావంటాడు. అదే నాటకంలో లవుడు, ఆయన తన తండ్రి అని తెలియకుండానే, పెద్దల నడవడి విచారించరాదు లెండి అంటూ తాటక వధనూ, ఖరుడితో పోరులో వెనక్కి వేసిన మూడడుగులనూ, వాలి వధలోని నేర్పునూ ఎత్తిపొడుస్తాడు. కవి ఆ అభియోగాలను రాముడి బిడ్డ నోట పెట్టాడు.

మహాభారతం ఈ విషయంలో ఇంకా నిర్మొహమాటంగా ఉంటుంది. అరణ్యపర్వంలో ద్రౌపది, సృష్టికర్త ప్రాణులను కొయ్యబొమ్మల్లా ఆడిస్తాడని, తల్లిదండ్రుల్లా చూడడని అంటే ధర్మరాజు అది నాస్తికవాదమని వారిస్తాడు. ఆమె మాటలను మాత్రం వ్యాసుడు చెరపలేదు. తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడు భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు ఒక్కొక్కరు ఎలా కూలారో చెప్పి, ఇవన్నీ నీ పన్నాగాలు కావా అని కృష్ణుణ్ణి నిలదీస్తే, పూలవాన అతడి మీద కురుస్తుంది, పాండవులు సిగ్గుతో తల వంచుకుంటారు. స్త్రీపర్వంలో గాంధారి మాట మరింత సూటిది: ఆపగలిగి ఉండీ ఉపేక్షించావు, 36 ఏళ్లకు నీ వంశమూ ఇలాగే నశిస్తుంది. కృష్ణుడు చిన్నగా నవ్వి అది తనకు ముందే తెలుసంటాడు. కౌరవుల పతనానికి ఆమె తప్పు కూడా ఉందని ఎత్తిచూపుతాడు, అయినా శాపాన్ని తిప్పికొట్టడు. మౌసలపర్వంలో అది అక్షరాలా జరుగుతుంది.

బైబిలు చదివేవారికీ ఈ అనుభవం కొత్త కాదు. మొదటి సమూయేలు గ్రంథం 15వ అధ్యాయంలో అమాలేకీయులనే జాతి మీదికి ఇశ్రాయేలు రాజు సౌలును పంపుతూ పురుషులు, స్త్రీలు, పసిపిల్లలు, పశువులు ఎవరినీ మిగల్చవద్దని యెహోవా ఆజ్ఞ. యెహోషువ నాయకత్వంలో గెలిచారని చెప్పే యెరికో పట్టణంలోనూ అలాంటి సంహారమే. 1952 నుంచి 1958 వరకు యెరికోలో తవ్వకాలు జరిపిన కాథ్లీన్ కెన్యన్, యెహోషువ కాలంగా చెప్పేనాటికి అక్కడ ఆ ప్రాకారాలు లేవని తేల్చింది. కాబట్టి జరగని సంహారానికి దేవుణ్ణి నిందించనక్కర లేదని కొందరు ఊపిరి పీల్చుకున్నారు. కానీ జరగనిదాన్ని జరిగినట్టు గర్వంగా రాసుకోవడానికి ఒక మనసు కావాలి కదా, ఆ మనసు సంగతి ఏమిటి? క్రీస్తు శకం రెండో శతాబ్దంలో మార్షియన్ అనే క్రైస్తవుడు పాత నిబంధన దేవుడు వేరు, యేసు చెప్పిన తండ్రి వేరు అని గ్రంథాన్ని రెండుగా చీల్చబోయాడు. 144లో రోము సంఘం అతణ్ణి వెలివేసింది. చీల్చడం సులభమే. సంఘం కష్టమైన దారినే ఎంచుకుంది, ఆ పుటలను ఉంచుకొని వాటితో పెనుగులాడింది. యూదుల ధర్మచర్చల గ్రంథం తల్మూదులో ఈ పెనుగులాట ఇంకా స్పష్టం: పెద్దలు పాపం చేస్తే పిల్లలేం చేశారని సౌలే వాదించాడని రబ్బీలు, అంటే యూదు ధర్మపండితులు, చెబుతారు. అతి నీతిమంతుడివి కావద్దని ఆకాశవాణి అతణ్ణి వారించిందట. వారించినా, సౌలు ప్రశ్న అక్కడ నమోదై ఉంది.

బైబిలు ఆదికాండము 18వ అధ్యాయంలో, నాశనం కాబోతున్న సొదొమ పట్టణం కోసం బేరమాడే అబ్రాహాము, సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని ఎదుట నిలబడి అడుగుతాడు, 50 మంది నీతిమంతుల నుంచి 10 మంది వరకు దించుతాడు. 22వ అధ్యాయంలో అదే మనిషి, కన్నకొడుకును బలి ఇమ్మంటే ఒక్క మాట కూడా ఎదురు చెప్పడు. దారిలో ఇస్సాకు, నిప్పూ కట్టెలూ ఉన్నాయి, దహనబలికి గొర్రెపిల్ల ఏది నాన్నా అని అడుగుతాడు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు మన చిరుతొండ నంబి గుర్తుకొస్తాడు. బమ్మెరకు కూతవేటు దూరంలోని పాలకుర్తి సోమన తన బసవపురాణంలో ఆ భక్తుడి కథ చెప్పాడు, తరువాత శ్రీనాథుడూ చెప్పాడు. జంగమవేషంలో వచ్చిన శివుడు నరమాంసం కోరితే తల్లిదండ్రులు కొడుకునే వండుతారు. వడ్డించాక, మీ అబ్బాయి పక్కన కూర్చుంటే గాని తిననంటాడు అతిథి. పిలవమంటాడు. వాకిట్లోకి వెళ్లి పిలిస్తే పిల్లవాడు పరుగెత్తుకుంటూ వస్తాడు. రెండు కథల్లోనూ బిడ్డ బతుకుతాడు, పరీక్ష ముగుస్తుంది, భక్తి గెలుస్తుంది. రెండింటిలోనూ ఆ నిర్ణయం బిడ్డది కాదు. బలి చక్రవర్తి మూడో అడుగుకు తన తల తానే చూపించాడు, ఇస్సాకుకు ఆ అవకాశం లేదు. తండ్రి నిష్ఠను మెచ్చుకుంటూనే ఈ తేడాను చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు.

మన కొలతకు అందని జ్ఞానం దేవుడికి ఉందన్న వాదానికి ఖురాన్‌లోని కహఫ్ అనే సూరా (అధ్యాయం) చక్కటి రూపం ఇచ్చింది. మూసా ప్రవక్త వెంట నడుస్తుండగా ఒక దైవదాసుడు పేదల పడవకు చిల్లు పెడతాడు, ఒక పిల్లవాణ్ణి చంపుతాడు, తిండి పెట్టని ఊళ్లో కూలుతున్న గోడ నిలబెడతాడు. సంప్రదాయం అతణ్ణి ఖిజ్ర్ అంటుంది. ప్రతిసారీ మూసా ఆగలేక అడుగుతాడు, చివరికి కారణాలు వింటాడు. ఈ కథను దుర్వినియోగం చేసేవారుంటారని తొలితరంవారికి తెలుసు. యుద్ధంలో పిల్లలను చంపవచ్చా అని నజ్దా అనే తిరుగుబాటు నాయకుడు ముహమ్మద్ ప్రవక్త సహచరుడైన ఇబ్న్ అబ్బాస్‌కు ఉత్తరం రాస్తే, ఖిజ్ర్‌కు ఆ పిల్లవాడి గురించి తెలిసింది నీకూ తెలిస్తే తప్ప చంపవద్దని ఆయన బదులిచ్చారు. అది ఏ మనిషికీ తెలియదు కాబట్టి తలుపు మూసుకుపోయింది. దైవరహస్యం అన్న మాటకు ఇంతకంటే మంచి కంచె నేను చూడలేదు. రహస్యం దేవుడి దగ్గరే ఉండాలి, మనిషి చేతికి ఆయుధంగా రాకూడదు.

రహస్యమని చెప్పి బాధితుడి నోరు మూయడం మరొకటి. బైబిలులోని యోబు గ్రంథంలో, బిడ్డలందరినీ పోగొట్టుకున్న యోబు దగ్గర అతడి స్నేహితులు చేసింది అదే. నీ పాపమే నీ కష్టానికి మూలమని, దేవుడు అన్యాయం చేయడని వాదించారు. సుడిగాలిలోంచి మాట్లాడిన దేవుడు యోబు అడిగిన దానికి సూటి జవాబు ఇవ్వలేదు, భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావని ఎదురడిగాడు. అయినా 42వ అధ్యాయంలో ఆయన కోపం ఆ స్నేహితుల మీదికే మళ్లింది: నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి యుక్తంగా పలకలేదు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవారు తప్పు, నిలదీసినవాడు ఒప్పు. యోబుకు తరువాత మళ్లీ పదిమంది పిల్లలు పుట్టారు. చనిపోయిన పదిమంది సంగతి గ్రంథం ఎత్తలేదు.

మా ప్రాంతంలో ఈ ప్రశ్నకు గ్రంథం అవసరం లేని ఒక దారీ ఉంది. మేడారంలో రెండేళ్లకోసారి జనం బంగారమని బెల్లం మోసుకెళ్లే సమ్మక్క సారలమ్మలు ఎవరినీ మోసగించి గెలిచిన దేవతలు కారు. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యంతో పోరాడి పోయినవారని కోయల కథ. సమ్మక్క కొడుకు జంపన్న ప్రాణం విడిచిన వాగుకు ఆయన పేరే మిగిలింది. అక్కడ మొక్కేవారికి దేవత చేసిన పనిని సమర్థించుకోవలసిన అవసరం రాదు, ఎందుకంటే అన్యాయం దేవతకే జరిగింది. ఇక వరంగల్ భద్రకాళి. 1950లో ఆలయాన్ని పునరుద్ధరించినప్పుడు, వెలుపలికి చాచిన నాలుక మీద అమృత బీజాక్షరాలు రాసి ఉగ్రరూపాన్ని శాంతమూర్తిగా మార్చారని చెబుతారు. చెరువు గట్టు నుంచి మెట్లెక్కి వెళ్లి ఆ ముఖం చూసిన ప్రతిసారీ, అమ్మ ఎలా ఉండాలో కూడా బిడ్డలు ఆలోచించారన్నది నాకు కనిపిస్తుంది. ధర్మపురి శేషప్ప కవి శతక మకుటంలో "దుష్టసంహార", "దురితదూర" అన్న రెండు పిలుపులు ఒకే ఊపిరిలో ఉన్నాయి. సంహరించే చేయి పాపానికి దూరంగానే ఉందా అన్నది ఆ రెండు పిలుపుల మధ్య ప్రతి తరమూ చూసుకోవలసిన సంగతి.

మరునాటి సాయంత్రం ఆ పెద్దామె అదే స్తంభం దగ్గర కూర్చుంది. పండితుడు గజేంద్రమోక్షమో అంబరీషుడో ఎత్తుకుంటాడనుకున్నాం. ఆయన పుస్తకం తెరిచి, నిన్న నేను ఒక ఘట్టం దాటేశానమ్మా అని, వామనుడు రెండడుగులతో లోకాలన్నీ కొలిచేశాక బలి అనుచరులు అన్న మాటలు చదివారు. వీడు బ్రాహ్మణుడు కాడు, మాయావుల్లో మేటి అయిన విష్ణువు. యజ్ఞదీక్షలో ఉండి ఆయుధం వదిలిన మన రాజును దానం పేరుతో మోసగించి దేవతల కోసం సర్వస్వం గుంజుకున్నాడు. ఇది భాగవతంలోనే ఉంది, అష్టమ స్కంధంలో, అన్నారు. ఆమె కాసేపు ఊరుకొని, "అయితే రాసినాయినకు గూడ ఎరుకేనన్నట్టు" అంది. తరువాత, ఆ అసురులను బలి ఏమన్నాడని అడిగింది. ఆపమన్నాడమ్మా, కాలం మనది కాదన్నాడు, అంటూ ఆయన పుట తిప్పి వింధ్యావళి విన్నపం దగ్గర ఆగారు.